పన్నెండు సంచుల సముద్రం

విశాఖపట్నం,
28 ఏప్రిల్ 2024.

సుక్రు మావకి కృపావతి నమస్కారాలు.

ఫోనులో నువ్వు "ఊఁ" అని పెట్టేస్తావు కనుక ఉత్తరమే రాస్తున్నాను. ఉత్తరంలో కనీసం రెండు "ఊఁ"లైనా వస్తాయని ఆశ.

నాలుగు రోజుల్లో అరకు బస్సులో నీకొక చెక్కపెట్టె వస్తుంది. అందులో బంగారం లేదని అత్తకి ముందే చెప్పు. పన్నెండు గుడ్డ సంచుల్లో గుల్లలున్నాయి. గోదావరి పక్కన ఒక సున్నపురాయి క్వారీలో రెండేళ్లు ఎండకి మాడి ఏరాను. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేది. ఒకప్పుడంటే నీ చిన్నప్పుడు కాదు, ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట.

మా డిపార్టుమెంటు పైకప్పు కారుతోంది. బాగుచేస్తాం, సామాను తీసేయమన్నారు. మూడు నెలలన్నారు, అంటే ఆరు. హాస్టలూ మూస్తున్నారు. నేను ఉత్తరాదిన ఒక ల్యాబులో మైక్రోస్కోపు పని నేర్చుకోవడానికి పోతున్నాను. ఈ పెట్టె పోతే నా పీహెచ్‌డీ పోయినట్టే. ఇంకా ఒక్క గుల్లా కొలవలేదు. ఇంత పెద్ద ఊళ్లో నమ్మి ఇవ్వడానికి మనిషి దొరక్క, నన్ను పెంచిన ఇంటికే పంపుతున్నాను.

సంచుల మీద అంకెలున్నాయి. ఒకటి క్వారీ గోడలో అట్టడుగు పొర. పన్నెండు అన్నిటికన్నా పైది. దాని మీద నల్లరాయి, అంటే లావా గడ్డకట్టినది. ఆ రాయి పైన ఈ గుల్లల వంశమే లేదు. పన్నెండో సంచిలోనివి ఆ వంశంలో ఆఖరి మనవళ్లన్నమాట. అటక మీద పెట్టు, చాలు. ఇంకేమీ చేయొద్దు. నువ్వు ఏమీ చేయకుండా కూర్చోలేవని తెలిసే ఈ మాట రాస్తున్నాను.

అత్తని అడిగానని చెప్పు.
కృపావతి.

*

డుంబ్రిగుడ,
14 మే 2024.

కోడలికి,

పెట్టె అందింది. కండక్టరు దించి "ఏటి తాతా, శవమా?" అన్నాడు. గుల్లలన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు.

కొండల్లో ఉన్నవాళ్లకి రాళ్లు పంపిన మొదటి మనిషివి నువ్వే. మీ అత్త సోములమ్మ ఒక సంచి విప్పి చూసింది. "నత్తల్ని కూడా సదువుతారేటి? మన వాగులో లేవా?" అంది. ఇవి చచ్చి ఆరున్నర కోట్ల ఏళ్లయిందట అన్నాను. "మరింకేటి సదువుతాది, ఏడవాల గానీ" అంది.

అటక మీద పెట్టాను. అంకెలు బయటికి.

ఒక్క మాట. సరుకు బాగాలేదు. ముప్పై ఏళ్లు కాఫీ గోదాములో గింజలు జల్లెడపట్టి సైజుల వారీగా వేరుచేసినవాణ్ణి కనుక చెబుతున్నాను. ఒకే సంచిలో వేలంత గుల్ల, దాని పక్కనే బియ్యపుగింజంత గుల్ల. ఏరినవాళ్లకి కూలి ఇచ్చి ఉంటే దండగ.

ఇక్కడ విశేషాలు లేవు. టూరిస్టులు కారాపి వలిసె పూలెక్కడ అంటున్నారు. మే నెలలో. కార్తీకం ఎటు ఉందో చేత్తో చూపించడం తెలియక ఊరుకున్నాను.

సుక్రు.

*

9 జూన్ 2024.

మావా,

సరుకు బాగాలేదన్నావు. ఏరింది నేనే, కూలి కూడా లేదు, కనుక దండగ లేదు.

ఇక్కడ నలభై అయిదు డిగ్రీల ఎండ. ల్యాబులో మాత్రం స్వెటరు. మైక్రోస్కోపుకి చెమట పడదట, మనుషుల సంగతి ఎవరూ అడగలేదు.

ఆ గుల్లలు ఎందుకని అత్త అడిగింది కదా, చెప్పు. సముద్రం పాడైతే అందులో జీవాలు ఒక్కరోజులో చావవు. ముందు నీళ్లు వేడెక్కుతాయి. కొంచెం పులుపెక్కుతాయి. తిండి తగ్గుతుంది. గుల్ల పలచబడుతుంది. పుట్టే పిల్లలు మరుగుజ్జులవుతాయి. అలా వేల ఏళ్లు ఈడ్చి ఈడ్చి, అప్పుడు పోతాయి. ఆ ఈడ్చిన కాలమంతా గుల్లల సైజులో ఉంటుంది. కింది పొరల్లో పెద్దవి, పైకి వచ్చేకొద్దీ చిన్నవి. మా గైడు దుర్గాప్రసాద్ గారు ఇరవై ఏళ్లుగా చెబుతున్నది ఇదే. నమ్మినవాళ్లు తక్కువ. ఇప్పుడు నా పన్నెండు సంచులు ఆయన తరఫున సాక్ష్యం చెప్పాలి. చెబితే నాకు డిగ్రీ. చెప్పకపోతే ఏమిటో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. గైడు మంచివాడే, ఆయన మాట నిజమైనంత కాలం.

నీ మోకాలు ఎలా ఉంది? "ఊఁ" అని రాయకు.

కృపావతి.

*

డుంబ్రిగుడ,
1 జులై 2024.

కోడలికి,

మోకాలు ఉంది.

ఎలుకలు అటకెక్కాయి. నీ పెట్టె మూల కొరికాయి. ఐదు సంచులు చింపాయి. అవి ఒకప్పుడు చోళ్లు పోసుకున్న సంచులు. మీ అత్తే నీకిచ్చింది. ఎలుకలు వాసనకి వచ్చి రాళ్లు కొరికి నిరాశపడ్డాయి. నీలాగా చదువుకున్నవైతే అంకెలు చూసి వదిలేసేవి.

గుల్లలు అటకంతా దొర్లాయి. ఒక్కటీ పోలేదు. నేనూ మీ అత్తా మూడు రోజులు కూర్చుని ఏరాం. ఆవిడ కొత్త సంచులు కుట్టింది. అంకెలు నేను వేశాను. నిశ్చింతగా ఉండు.

వానలు మొదలయ్యాయి. పిల్లిని తెచ్చాను. అది కూడా నిద్రపోతోంది.

సుక్రు.

*

12 జులై 2024.

మావా,

ఐదు సంచులా? ఏ ఐదు? ఒకదాంట్లోవి ఇంకోదాంట్లో పడ్డాయా? నిజం చెప్పు, తిట్టను. కలిసిపోయి ఉంటే ఆ ఐదూ పారబోసి మిగిలిన ఏడింటితో ఏదో ఒకటి చేసుకుంటాను. కలిసినవి కలవలేదని మాత్రం చెప్పకు.

నువ్వు బాధపడతావని తెలుసు. అయినా అడగాలి కదా.

కృపావతి.

*

డుంబ్రిగుడ,
2 ఆగస్టు 2024.

కోడలికి,

ఒక్కటీ కలిసి లేదు. దేనికది ఉంది. ముప్పై ఏళ్లలో నా చేతి మీదుగా పోయిన సరుకులో కల్తీ ఉందని ఒక్క చీటీ రాలేదు. ఆ లోటు నువ్వు తీర్చావు.

మన ఫల్గుణ కంటి ఆపరేషనుకి విశాఖ వస్తున్నాడు. పెట్టె అతనితో పంపుతున్నాను. మీ పైకప్పు అయిందట, నువ్వూ విశాఖ వచ్చేశావట కదా. ఒక కన్ను కట్టుకుని తిరిగి వస్తాడు కనుక పెట్టె పోయేటప్పుడే ఇస్తాడు.

మీ అత్త పెట్టెలో అల్లం, రెండు అనాసపళ్లు పెట్టింది. గుల్లలకి దూరంగానే పెట్టింది. నీకు మళ్లీ అనుమానం రాకుండా రాస్తున్నాను.

సుక్రు.

*

విశాఖపట్నం,
15 అక్టోబరు 2024.

మావా,

ఆ ఉత్తరం నా తప్పే. చీటీ వెనక్కి తీసుకుంటున్నాను. అనాసపళ్లు హాస్టల్లో పది నిమిషాలున్నాయి.

మూడువేల నాలుగువందల గుల్లలు కొలిచాను. నెలన్నర పట్టింది. ఎలా వచ్చిందనుకున్నావు? మెట్లు దిగినట్టు! ఒకటో సంచిలో అన్నిటికన్నా చిన్నది, రెండో సంచిలో అన్నిటికన్నా పెద్దదానికంటే పెద్దది. అలాగే పన్నెండు దాకా. నాకు ఒక పూట అనుమానం వచ్చింది కానీ, ఆ కాగితం చూసి గైడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అద్దాలు కాదు, కళ్లు. "ప్రకృతికి ఇంత క్రమశిక్షణ ఉందని ఇరవై ఏళ్లుగా ఎవరికీ నచ్చజెప్పలేకపోయానమ్మా" అన్నారు. నా అనుమానం ఆ కన్నీళ్లలో కొట్టుకుపోయింది.

డిసెంబరులో హైదరాబాదులో పెద్ద సభ. అందులో ఇది చదువుతాం. ఆయన పేరు ముందు, నా పేరు వెనక, కష్టం మాత్రం తారుమారు. పత్రికకి వ్యాసం కూడా రాస్తున్నాం. డిగ్రీ ఖాయమన్నారు.

అత్తకి చెప్పు, చచ్చినవాటి కోసం ఏడిచే మనుషులు నిజంగానే ఉన్నారని.

కృపావతి.

*

డుంబ్రిగుడ,
30 అక్టోబరు 2024.

కోడలికి,

సంతోషం. ప్రకృతికి క్రమశిక్షణ ఉందన్నారట మీ గైడు. నా పేరు సుక్రు అని చెప్పు.

చెప్పుకోవడం ఎందుకని అప్పుడు రాయలేదు. ఇప్పుడు పొగుడుతున్నారు కనుక రాస్తున్నాను. అటక మీద అంతా ఒకటే కుప్ప అయింది. ఏది ఏ సంచిదో దేవుడికి తెలియాలి. కలగాపులగం సరుకు ఎవరికి పనికొస్తుంది? పెద్దవి కింద, చిన్నవి పైన అని నువ్వు రాసిన ఉత్తరం ముందు పెట్టుకున్నాను. గోదాము నుంచి తెచ్చుకున్న జల్లెడలు ఆరున్నాయి. పట్టాను. మిగతా సైజులు కంటితో తేల్చాను. కన్ను ఇంకా పోలేదు.

ఎలుకలు ముట్టని ఏడు సంచులూ విప్పాను. వాటిలోనూ చాలా తప్పులున్నాయి. చిన్నవాటిలో పెద్దవి, పెద్దవాటిలో చిన్నవి. నీకు ఆ ఎండలో కళ్లు తిరిగి ఉంటాయి. అవీ దిద్దాను.

మీ అత్త "పేరు మాత్రం మన గుంటదేనా?" అంది. పోనీలే అన్నాను.

సుక్రు.

*

విశాఖపట్నం,
7 నవంబరు 2024.

మావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ అదే రాసి ఉంది.

కాఫీ జల్లెడతో ప్రళయం తయారుచేసిన మనిషి లోకంలో నువ్వొక్కడివే. ప్రతి పొరలోనూ చిన్నా పెద్దా కలిసే ఉంటాయి మావా, మన ఊళ్లో మనుషులున్నట్టు. ఏ పొరలో ఏవి ఎన్ని అన్నదే నా చదువు. ఆ మాట నీకు రాయలేదు. తెలిసే ఉంటుందనుకున్నాను. తప్పు నాది. ఈ వాక్యం రాయడానికి ఒక రోజు పట్టింది.

ఇప్పుడు ఆ సంచుల్లో ఉన్నది ఏ సముద్రమూ కాదు. మూడువేల నాలుగువందల రాళ్లు.

సభ ఇంకా నెల ఉంది. జరిగింది మన ముగ్గురికే తెలుసు. గైడు చెప్పేది నిజమే అయి ఉండొచ్చు. నిజమే అయితే ఇందులో నష్టం ఎవరికి? గీత కొంచెం ఎక్కువ తిన్నగా ఉంది, అంతే కదా. ఎవరితోనూ అనకు. అత్తకీ చెప్పు.

కృపావతి.

*

డుంబ్రిగుడ,
20 నవంబరు 2024.

కోడలికి,

నేను ఎవరితో అంటాను. మాట్లాడేది మేకలతో. అవి సభలకి వెళ్లవు.

మీ అత్తకి చదివి వినిపించాను. "అయితే దొంగ సరుకు అమ్ముతాదా మన గుంట?" అంది. ఆవిడ రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. నీ మీద కోపం నా మీద తీరుస్తోంది. సగం నాదే కనుక పడుతున్నాను.

గోదాముకి కొందరు పైన నాలుగు దోసిళ్లు మంచి గింజ పోసి, కింద పొల్లు నింపి తెచ్చేవారు. మేం సంచి పక్కకి ఇనప గొట్టం గుచ్చి నడుమ గింజ బయటికి తీసేవాళ్లం. దొరికిన ప్రతివాడూ ఒకటే చెప్పేవాడు. "ఇంట్లోవాళ్లు తెలీక కలిపీసినారు బాబూ." ఒక్కణ్ణీ నమ్మలేదు. ఇప్పుడు వాళ్లలో ఇద్దరు ముగ్గురికైనా క్షమాపణ చెప్పాలి. ఆ తెలియని ఇంట్లోవాణ్ణి నేనేనని ఈ వయసులో తేలింది.

నేను తెలియక చేశాను. ఇప్పుడు నువ్వు చేస్తే తెలిసి చేసినట్టు.

ఆ క్వారీ ఉందా, పోయిందా? ఉంటే నేను వస్తాను. గునపం పట్టగలను. మోకాలిని అడగలేదు, అడిగితే వద్దంటుంది.

సుక్రు.

*

విశాఖపట్నం,
8 డిసెంబరు 2024.

మావా,

చెప్పేశాను.

గైడు గదిలో అరగంట నిలబడ్డాను. "ఎవరమ్మా ఆ సుక్రు? ఏ యూనివర్సిటీ?" అన్నారు. మా మావ అన్నాను. జల్లెడ అన్నాను. ఫ్యాను ఆపమన్నారు. మళ్లీ వేయమన్నారు. "ఒక్క పదిహేను రోజులు ఆగి చెప్పి ఉంటే నాకు శాలువా అయినా దక్కేది" అన్నారు. అది జోకో కాదో ఇప్పటికీ తెలియదు. సభకి వ్యాసం మాత్రం ఆయనే వెనక్కి తీసుకున్నారు. ఆ పూట తరవాత నాతో పొడిపొడిగా మాట్లాడుతున్నారు. నీ ఉత్తరాల మీద పెరిగినదాన్ని కనుక నాకు అలవాటే.

నా డిగ్రీ ఏడాది వెనక్కి పోయింది. మళ్లీ ఏరాలి. కొత్త సంచులు సరిగ్గా లేకపోతే ఇంకో ఏడాది ఉండదు, ఫెలోషిప్పు అంతటితో ఆఖరు.

క్వారీలో ఆ గోడని జనవరి ఆఖరుకి కూల్చేస్తారట. వస్తానన్నావు కదా, సంక్రాంతి వెళ్లగానే రా. బస్సు దిగే చోట ఉంటాను. జల్లెడ తేవద్దు.

కృపావతి.

*

డుంబ్రిగుడ,
2 ఫిబ్రవరి 2025.

కోడలికి,

ఇల్లు చేరాను. ఆరు రోజులు కలిసే ఉన్నాం కనుక రాయడానికి ఏమీ లేదు. అయినా మీ అత్త అడిగినవన్నీ నీకూ రాస్తాను. ఒకసారి చెప్పినదాన్ని మళ్లీ చెప్పడం నాకు కష్టం. రాసి చదివి వినిపిస్తాను.

"సముద్రం సూసినావా?" అంది. గోడ చూశానన్నాను. "గోడకా అంత దూరం పోయినావు!" అంది.

క్వారీ మేస్త్రి వరహాలరావు సంగతి చెప్పాను. మొదటి రోజు "తాతగారూ, గుల్లలకేనా ఇంత కష్టం? మా కాకినాడ ఒడ్డున బుట్టలకి బుట్టలు దొరుకుతాయండి, రేపు తెప్పించేదా?" అన్నాడు. నేను తల ఊపాను. వద్దని ఊపాను, అతను తెమ్మని ఊపాననుకున్నాడు. మర్నాడు నిజంగానే బుట్టతో వచ్చాడు. నువ్వు ఆ బుట్టని చూసి వేసిన కేక నేను మరిచిపోను. పాపం, మంచి మనిషి. నాలుగో రోజుకి అతనే కూలీలతో "ఆ పొర తొక్కకండ్రా, అక్కడ తాతగారి సముద్రం ఉంది" అంటున్నాడు.

చేతులు దురదపెట్టాయి. ఏడో పొరలో అన్నీ చిన్నవే వస్తూ ఒక పెద్దది దొరికింది. పక్కన పెడదామనిపించింది. నువ్వు అటు తిరిగి ఉన్నావు. సంచిలోనే వేశాను. ఇది ఎవరికీ కనబడని కష్టం కనుక రాస్తున్నాను.

పన్నెండోది నేనే నిచ్చెనెక్కి తీశాను, నీకు మెడ పట్టేసిందని. పైన ఆ నల్లరాయికి చెయ్యి ఆనించి చూశాను. చల్లగా ఉంది. అంతమందిని పోగొట్టినదాని మీద పిచ్చుక కూర్చుని ఉంది.

పెట్టె నీ దగ్గరే ఉంచుకున్నావు. మంచి పని.

సుక్రు.

*

విశాఖపట్నం,
17 ఏప్రిల్ 2025.

మావా,

కొలిచాను. ఆరు రోజుల్లో ఏరినవి కనుక పాతవాటికన్నా తక్కువే. ఈసారి మెట్లు లేవు. ఘాట్ రోడ్డులా ఉంది.

ఆరు దాకా పెద్దవే ఎక్కువ. ఏడులో ఒక్కసారిగా చిన్నవైపోయాయి. ఎనిమిది, తొమ్మిదిలో మళ్లీ పెరిగాయి. పదినుంచి మళ్లీ దిగుడు, పన్నెండులో అన్నీ మరుగుజ్జులు. అంటే సముద్రం ఒక్కసారి కాదు, రెండుసార్లు పాడైంది. నడుమ తేరుకుంది. చాలా కాలమే తేరుకుంది. ఇక బాగుపడ్డామని ఆ గుల్లలు అనుకుని ఉంటాయి. నీ జల్లెడ పోయిన సంవత్సరం ఈ తేరుకోవడాన్ని మొత్తం ఊడ్చేసింది. కోపంతో రాయడం లేదు. ఎంత పెద్ద కాలం ఊడ్చావో నీకు తెలియాలని రాస్తున్నాను.

గైడు మొదట మొహం చిట్లించారు. తేరుకోవడం ఆయన కథలో లేదు. రెండు రోజుల తరవాత, ఎప్పటినుంచో తనకీ అదే అనుమానం ఉందన్నారు. పోనీ, దారికొచ్చారు.

చిక్కు ఒకటే మిగిలింది. పన్నెండో సంచిలో రెండువందల పద్నాలుగు గుల్లలు. రెండువందల పదమూడు బియ్యపుగింజలు. ఒక్కటి మాత్రం నా చూపుడువేలంత. నిండుగా, మందంగా, ఏ లోటూ లేకుండా పెరిగింది. గైడు దాన్ని తీసేయమంటున్నారు. "కింది పొరనుంచి దొర్లి కలిసిపోయి ఉంటుంది. మీ ఇంట్లో ఇలాంటివి మామూలే కదమ్మా" అన్నారు. నిన్న నేనే దాన్ని సంచి బయట పెట్టి, మళ్లీ లోపల పెట్టాను. ఉంచితే పరీక్షలో అడుగుతారు, ఇది ఇక్కడిదేనని రుజువేమిటని. ఒకసారి కల్తీ అయిన పేరు నాది. ఇంకోసారి తేలితే డిగ్రీ లేదు. తీసేస్తే ఎవరూ ఏమీ అడగరు.

ఆ సంచి నింపింది నువ్వు. అది కింద రాలిన మట్టిలో దొరికిందా, రాతిలోనే ఉందా? గుర్తుంటేనే చెప్పు. నన్ను సంతోషపెట్టడానికి చెప్పకు.

కృపావతి.

*

డుంబ్రిగుడ,
26 ఏప్రిల్ 2025.

కోడలికి,

రాతిలో ఉంది. నల్లరాయికి జానెడు కింద. చుట్టూ మరుగుజ్జులు, నడుమ అది. దొర్లి వచ్చినదైతే చేత్తో వచ్చేది. ఉలి పెట్టి పొద్దున్నుంచి భోజనాల దాకా కొట్టాను. గుల్లకి దెబ్బ తగలకూడదని సుత్తి పక్కకి తిప్పితే బొటనవేలి మీద పడింది. గోరు ఊడింది. నువ్వు ఏడుస్తావని అప్పుడు చేతికి తువ్వాలు చుట్టుకుని తిరిగాను. చలి అన్నాను. క్వారీలో చలేమిటని నువ్వు అడగలేదు.

దాన్ని తీయకు. అంత పాడు నీళ్లలో అది ఒక్కటీ ఎలా పెరిగిందో నాకు తెలియదు. మీ గైడుకీ తెలియదు. తెలియదని రాయండి.

రుజువు అడిగేవాళ్లని ఇక్కడికి పంపు. గోరు చూపిస్తాను. సగం వచ్చింది. బేగి రమ్మను, పూర్తిగా వచ్చేస్తే సాక్ష్యం పోతుంది.

సుక్రు.